సరిహద్దులో ఫౌజీ, ఇంట్లో కుటుంబం: నమాజు, రోజా, బంధాల గురించి తెలుసుకోవాల్సినవి

కొడుకు ఫౌజులో ఉన్న ఇంట్లో బెంగలు రెండు. ఒకటి అందరికీ కనిపించేదే. వార్తల్లో కశ్మీర్ పేరో లద్దాఖ్ పేరో వినిపించగానే అమ్మీ చేయి తస్బీహ్ మీదకి పోతుంది. రెండోది పైకి చెప్పుకోనిది. అక్కడ వాడి నమాజు ఏమవుతోంది? మంచులో వజూ ఎలా చేస్తున్నాడు? రమజాన్‌లో రోజా ఉండనిస్తారా? ఫోన్లో అడిగితే "అంతా బాగుంది అమ్మీ" అంటాడు తప్ప వివరం చెప్పడు. అటు ఫౌజీకీ ఒక బాధ ఉంటుంది. వరసగా నమాజులు తప్పిపోతుంటే ఇక తాను దీన్‌కి దూరమైపోయానని అనుకుని, వీలున్న నమాజు కూడా వదిలేసేవాళ్ళు ఉన్నారు. చాలాసార్లు దీనికి కారణం ఈమాన్ తక్కువై కాదు, మసాయిల్ తెలియక.

అందుకే అలాంటి కుటుంబాలకి పనికొచ్చే విషయాలు ఇక్కడ ఒకచోట పెట్టాం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది హనఫీలు కాబట్టి ముందు ఆ మస్లక్ ప్రకారం చెప్పి, తేడా ఉన్నచోట మిగతా ఇమాముల మాట కూడా చెప్పాం. నిజాం ఫౌజులో పనిచేసిన హద్రమీ అరబ్బుల సంతతి ఉండే హైదరాబాద్ బార్కస్‌లో షాఫయీలు ఎక్కువ. బ్యారక్స్ అన్న మాటే ఆ బస్తీకి బార్కస్ అని పేరైంది. వాళ్ళు తమ మస్లక్ చూసుకోవాలి.

ఈ సదుపాయాలు ఫౌజీల మధ్యే వచ్చాయి

సఫర్‌లో నమాజు తగ్గించుకోవడం, భయం వేళ నమాజు చేసే పద్ధతి దివ్య ఖుర్‌ఆన్ నాలుగో సూరా అన్‌నిసాలో 101 నుంచి 103 వరకు ఉన్న ఆయతుల్లో ఉన్నాయి. వీటిలో సలాతుల్ ఖౌఫ్ (భయం వేళ నమాజు) వివరం చూడండి. సేన రెండు భాగాలవుతుంది. ఒక భాగం ఇమామ్ వెనుక నిలబడితే, రెండో భాగం శత్రువు వైపు చూస్తూ కాపలా కాస్తుంది. తర్వాత చోట్లు మార్చుకుంటారు. నమాజు చేసేవాళ్ళు కూడా ఆయుధాలు దగ్గరే ఉంచుకోవాలి.

ఇందులో రెండు పాఠాలున్నాయి. శత్రువు ఎదురుగా ఉన్నా నమాజు మాఫీ కాలేదు. నమాజు పేరు చెప్పి కాపలా వదిలేయమని కూడా అనలేదు. డ్యూటీ, ఇబాదత్ రెండూ ఒకదానికొకటి అడ్డమని అనుకునే యువకుడికి ఈ ఆయతే జవాబు.

ముసాఫిరా, ముఖీమా?

ఫౌజీ నమాజు లెక్క అంతా ఈ ప్రశ్న మీదే ఉంది. హనఫీ మస్లక్‌లో సుమారు 77 కిలోమీటర్లు, అంతకుమించిన ప్రయాణానికి ఊరు దాటితే ముసాఫిర్. జుహర్, అసర్, ఇషా ఫర్జ్‌లు నాలుగుకి బదులు రెండేసి రకాతులు. ఫజర్ రెండు, మగ్రిబ్ మూడు మామూలే. విత్ర్ వదలకూడదు. చేరినచోట 15 రోజులు, అంతకంటే ఎక్కువ ఉండే నియ్యత్ ఉంటే ముఖీమ్ అవుతాడు, పూర్తి నమాజు చెయ్యాలి. మిగతా ముగ్గురు ఇమాముల దగ్గర ఈ గడువు సుమారు నాలుగు రోజులే.

దీన్ని ఫౌజీ జీవితానికి అన్వయిస్తే:

- సికింద్రాబాద్‌లో రైలెక్కి జమ్మూ వెళ్తున్నంతసేపూ ఖస్ర్ (రెండేసి రకాతులు).
- కంటోన్మెంట్‌లో రెండేళ్ల పోస్టింగ్ వస్తే అక్కడ ముఖీమే. పూర్తి నమాజు, జుమా కూడా.
- ఎప్పుడు కదలమంటారో తెలియని ఫార్వర్డ్ ఏరియాలో, "రేపో మాపో" అంటూ నెలలు గడిచినా, 15 రోజుల గట్టి నియ్యత్ లేకపోతే ముసాఫిరే. ఇక్కడ సిపాయి సొంత నియ్యత్ లెక్కకి రాదు. కమాండర్ ఆర్డర్ ఏదైతే అదే అతని నియ్యత్ అని హనఫీ ఫుఖహా రాశారు.
- సెలవు మీద సొంత ఊరికి వస్తే, రెండు రోజులే ఉన్నా పూర్తి నమాజు.
- ముఖీమ్ ఇమామ్ వెనుక నిలబడితే ముసాఫిర్ కూడా నాలుగు రకాతులు చెయ్యాలి.

ముసాఫిర్ మీద జుమా ఫర్జ్ కాదు, జుహర్ చేసుకుంటే చాలు. కాబట్టి "మావాడికి ఆరు జుమాలు పోయాయి" అని కుమిలిపోవాల్సిన పని లేదు.

డ్యూటీలో టైము దాటిపోతే

సెంట్రీ పోస్ట్ మీద ఉన్నవాడు తుపాకీ పక్కన పెట్టి నమాజుకి నిలబడలేడు, నిలబడకూడదు కూడా. డ్యూటీ మొదలయ్యే ముందో, అయ్యాకో టైములో వీలు చూసుకోవాలి. జుహర్‌ని చివరి టైములో, అసర్‌ని మొదటి టైములో చేస్తే ఒకే విరామంలో రెండూ అయిపోతాయి. దీనికి హనఫీల్లో అభ్యంతరం లేదు. మిగతా మస్లక్‌లలో సఫర్‌లో రెండు నమాజులు ఒకే టైములో కలిపి చేసుకోవడానికి అనుమతి ఉంది.

అదీ కుదరకపోతే? హిజ్రీ 5లో ఖందక్ (కందకం) యుద్ధం రోజున దైవప్రవక్త ముహమ్మద్ (స) గారికే శత్రువుల ఒత్తిడి వల్ల అసర్ టైము దాటిపోయింది. సూర్యాస్తమయం తర్వాత ముందు అసర్, ఆ వెంటనే మగ్రిబ్ చేశారని బుఖారీ హదీసులో ఉంది. ప్రాణాల భయం ఉన్నచోట ఆలస్యం చెయ్యవచ్చని ఫుఖహా చెబుతూ కాన్పు చేస్తున్న దాయిని ఉదాహరణగా ఇచ్చారు. బిడ్డకి ప్రమాదం అనుకుంటే ఆమె నమాజు వెనక్కి జరపవచ్చు. వందల ప్రాణాలకి కాపలా ఉన్నవాడి సంగతీ అలాంటిదే. అయితే వీలు దొరకగానే ఖజా చెయ్యాలి. ఒక చిన్న నోట్‌బుక్‌లో తప్పినవి రాసుకోవడం మంచి అలవాటు. లెక్క ఉంటే భారం తగ్గుతుంది.

చలి, నీళ్లు, బూట్లు, ఖిబ్లా

హిజ్రీ 8లో జాతుస్సలాసిల్ దాడికి వెళ్ళిన హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కి ఒక చలి రాత్రి గుస్ల్ అవసరమైంది. నీళ్లు పోసుకుంటే చచ్చిపోతానేమోనని భయపడి తయమ్ముమ్ చేసి జమాత్‌కి నమాజు చేయించారు. తిరిగి వచ్చాక విషయం తెలిసిన ప్రవక్త (స) నవ్వారు తప్ప తప్పు పట్టలేదని అబూదావూద్‌లో ఉంది. సియాచిన్, ద్రాస్‌లలో ఉన్న మన పిల్లలకి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

నీళ్లు వేడి చేసుకునే వీలుంటే తయమ్ముమ్ చెల్లదు. వీలు లేక, చన్నీళ్ల వల్ల జబ్బో హానో తప్పదనిపిస్తే చెల్లుతుంది. తయమ్ముమ్ మట్టి, ఇసుక, రాయి లాంటి వాటి మీదే చెయ్యాలి. హనఫీల ప్రకారం మంచు గడ్డ మీద కాదు. మంచు కరిగించిన నీళ్లతో వజూ మాత్రం చక్కగా అవుతుంది. పోస్ట్‌లో ఒక శుభ్రమైన రాయి దగ్గర పెట్టుకుంటే పని జరిగిపోతుంది.

కాళ్లు కడగడం అన్నిటికంటే కష్టం. దానికి మసహ్ ఉంది. వజూతో ఉన్నప్పుడు తొడుక్కున్న, చీలమండలు కప్పే తోలు మేజోళ్ల (ఖుఫ్) మీద తడి చేత్తో తుడిస్తే చాలు. ముఖీమ్‌కి ఒక పగలు ఒక రాత్రి, ముసాఫిర్‌కి మూడు పగళ్లు మూడు రాత్రులు. చీలమండలు కప్పే తోలు ఫౌజీ బూట్లకీ ఇదే హుకుం. శుభ్రంగా ఉంటే వాటితోనే నమాజు కూడా చెయ్యవచ్చు. విప్పేస్తే మాత్రం మసహ్ పోతుంది, కాళ్లు కడుక్కోవాలి. పల్చటి నూలు సాక్సుల మీద నలుగురు ఇమాముల దగ్గరా మసహ్ కుదరదు. ఇంటి నుంచి ఫౌజీకి ఏం పంపాలా అని ఆలోచించేవాళ్ళకి ఒక జత తోలు ఖుఫ్ మంచి కానుక.

ఖిబ్లా విషయం: హైదరాబాద్ నుంచి ఖిబ్లా పడమరకి కొంచెం ఉత్తరంగా ఉంటుంది. లద్దాఖ్ నుంచి పడమరకి కొంచెం దక్షిణంగా. అరుణాచల్ వైపు తవాంగ్‌లో దాదాపు సూటిగా పడమరే. చీకట్లో దిక్కు తెలియకపోతే తనకి తోచినంత అంచనా వేసి నమాజు చెయ్యాలి. తర్వాత దిక్కు తప్పని తేలినా ఆ నమాజు అయినట్టే.

రమజాన్, ఈద్

ముసాఫిర్‌కి, రోగికి రోజా తర్వాత పెట్టుకునే అవకాశం సూరా బఖరా 184, 185 ఆయతుల్లో ఉంది. హిజ్రీ 8 రమజాన్‌లో మక్కా మీదకి వెళ్తున్న సేనకి ప్రయాణం కష్టంగా ఉందని తెలిసి ప్రవక్త (స) అందరూ చూస్తుండగా నీళ్లు తెప్పించుకుని తాగారు. అప్పటికీ రోజా విడవని కొందరిని ఆయన మెచ్చుకోలేదు, మాట వినలేదని అన్నారు. వేరే సఫర్‌లలో రోజా ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు కలిసి నడిచారు. ఒకర్నొకరు తప్పు పట్టుకోలేదని సహాబాలు చెప్పిన మాట ముస్లింలో ఉంది.

కాబట్టి కంటోన్మెంట్‌లో స్థిరంగా ఉన్నవాడు రోజాలు పెట్టాలి. ఆపరేషన్‌లో, పెట్రోలింగ్‌లో, ఎత్తయిన మంచు పోస్టులో డాక్టర్ వద్దన్నచోట తర్వాత ఖజా పెట్టుకోవచ్చు. ఇక్కడ ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతుంది. కొడుకు తరఫున ఫిదియా ఇచ్చేసి అయిపోయిందనుకుంటారు. ఆరోగ్యవంతుడి రోజాకి ఫిదియా బదులు కాదు, అతనే ఖజా పెట్టాలి. సదఖతుల్ ఫిత్ర్ మాత్రం అతను అనుమతిస్తే ఇంటివాళ్ళు ఇచ్చేయొచ్చు. ఖుర్బానీ హనఫీల దగ్గర ముసాఫిర్ మీద వాజిబ్ కాదు. చేయించుకోవాలనుకుంటే అబ్బానో తమ్ముణ్ణో వకీల్‌గా పెట్టుకోవచ్చు.

ఫౌజులో ఉన్న ఏర్పాట్లు

భారత సైన్యంలో రిలీజియస్ టీచర్ అనే ప్రత్యేక ఉద్యోగం ఉంది. జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ హోదా. పండిత్, గ్రంథీ, పాద్రీలతో పాటు మౌల్వీలనీ తీసుకుంటారు. డిగ్రీతో పాటు అరబీలో మౌల్వీ ఆలిమ్ లేదా ఉర్దూలో అదీబ్ ఆలిమ్ చదివినవాళ్ళు అర్హులు. లద్దాఖ్ స్కౌట్స్‌కి షియా మౌల్వీలు కూడా ఉంటారు. నమాజు చేయించడం, ఆస్పత్రిలో ఉన్న జవాన్లని పలకరించడం, జనాజా పనులు చూడటం వీళ్ళ బాధ్యతలు. మన మదరసాల్లో చదివి డిగ్రీ కూడా చేసిన కుర్రాళ్ళకి ఇదొక మంచి దారి. చాలా యూనిట్లలో అన్ని మతాలకీ ఒకే కప్పు కింద 'సర్వధర్మ స్థల్' ఉంటుంది. ట్రైనింగ్ ముగిశాక కసం పరేడ్‌లో రిక్రూట్లు తమ తమ మత గ్రంథాల సాక్షిగా ప్రమాణం చేస్తారు.

గడ్డం సంగతి చేరకముందే తెలుసుకోవాలి. వైమానిక దళ సిబ్బంది వేసిన కేసులో 2016 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జుట్టు, గడ్డం తీయడాన్ని మతమే నిషేధించిన వాళ్ళకే మినహాయింపు ఉంటుందని, ముస్లింలు ఆ కోవలోకి వస్తారని రుజువు కాలేదని అంది. ఇది ఒప్పుకోగలనా లేదా అని యువకుడు ముందే ఆలోచించుకోవాలి. చేరాక గొడవ పడితే ఉద్యోగానికీ మనశ్శాంతికీ నష్టం.

భార్య, అమ్మీఅబ్బా: దీన్‌లో వీళ్ళ హక్కు

ఇస్లామీ చరిత్రలో యుద్ధం ముందు కుటుంబాన్ని చిన్నచూపు చూసిన దాఖలా లేదు. జిహాద్‌కి వస్తానన్న ఒకతన్ని "అమ్మానాన్న ఉన్నారా?" అని ప్రవక్త (స) అడిగారు. ఉన్నారంటే, వాళ్ళ సేవలోనే నీ కృషి చెయ్యమన్నారు. ఇంకొకతను తన పేరు ఒక దాడికి రాశారని, భార్య హజ్‌కి బయల్దేరిందని చెప్తే, వెళ్లి భార్యతో హజ్ చెయ్యమన్నారు. ఈ రెండూ బుఖారీ, ముస్లింలలో ఉన్నవే. బద్ర్ యుద్ధం వేళ హజ్రత్ ఉస్మాన్ (రజి) భార్య, ప్రవక్త కూతురు రుఖయ్యా (రజి) జబ్బుతో ఉన్నారు. ఆమెని చూసుకోవడానికి ఆయన మదీనాలోనే ఆగిపోయారు. అయినా బద్ర్‌లో పాల్గొన్నవాళ్ళతో సమానంగా ఆయనకి వాటా, పుణ్యం రెండూ ఇచ్చారు.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో జరిగింది ప్రతి ఫౌజీ భార్యకీ తెలియాలి. రాత్రి గస్తీలో ఒక ఇంట్లో నుంచి, దూరంగా ఉన్న భర్త కోసం బాధపడుతున్న స్త్రీ గొంతు ఆయన విన్నారు. కూతురు హఫ్సా (రజి)ని అడిగారు, ఆడవాళ్ళు ఎన్నాళ్లు ఓర్చుకోగలరని. ఆ జవాబుని బట్టి సిపాయిలు ఇంటికి దూరంగా ఉండే కాలానికి హద్దు పెట్టారు. కొన్ని రివాయతుల్లో నాలుగు నెలలు, కొన్నిట్లో ఆరు నెలలు. ఖలీఫా స్థాయి మనిషి భార్య ఒంటరితనాన్ని రాజ్య విషయంగా చూశాడు. అలాంటప్పుడు "సర్దుకుపోవాలమ్మా" అని కోడలి నోరు మూయించడం మనకి తగదు. ఈ రోజుల్లో జవాన్‌కి సాధారణంగా ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి. ఆ రోజులు పెళ్ళిళ్ల తిరుగుళ్లలో, పొలం తగాదాల్లో అయిపోకుండా భార్యాపిల్లలకి ఎక్కువ భాగం దక్కేలా పెద్దవాళ్ళే చూడాలి.

సఫర్ నుంచి వచ్చేవాడు చెప్పాపెట్టకుండా అర్ధరాత్రి తలుపు కొట్టొద్దని, ఇంట్లో ఆడవాళ్ళు సిద్ధపడేందుకు టైము ఇవ్వాలని ప్రవక్త (స) చెప్పారు. సర్‌ప్రైజ్ ఇద్దామనుకునే మన ఫౌజీలు ఒక ఫోన్ చేసి వస్తే సున్నత్ అవుతుంది. ఇంటికంటే ముందు మసీదులో రెండు రకాతులు చెయ్యడం కూడా సున్నతే.

సెలవు దొరక్క ఆగిపోయే పనులకీ దారులున్నాయి. నికాహ్‌కి రాలేకపోతే ఫోన్లో తన తరఫున ఒక వకీల్‌ని పెట్టుకోవచ్చు. మజ్లిస్‌లో సాక్షుల ముందు ఆ వకీల్ ఖుబూల్ చెప్తాడు. నేరుగా ఫోన్లో ఈజాబ్, ఖుబూల్ చెప్పుకోవడాన్ని హనఫీ ఉలమా ఒప్పుకోరు. బిడ్డ పుడితే చెవిలో అజాన్ దాదా, నానా ఎవరైనా చెప్పొచ్చు. అఖీఖా కూడా తండ్రి తరఫున చెయ్యొచ్చు.

ఫోను, ఉత్తరం

ఫోన్ కుదిరినప్పుడు ఇంటి సమస్యలన్నీ ఒకేసారి కుమ్మరించకండి. అలాగని అబ్బా ఆస్పత్రిలో ఉంటే దాచకండి. తర్వాత తెలిస్తే ఇక ఇంటి మాట మీద నమ్మకం పోతుంది. సిగ్నల్ లేని పోస్టులకి ఈనాటికీ ఉత్తరం చేరుతుంది. 56 ఏపీఓ, 99 ఏపీఓ అని రాసే ఫౌజీ అడ్రసుల పని అదే. పిల్లాడు రాసిన రెండు లైన్లు, అమ్మీ చెప్పిన దుఆ జేబులో ఉంటాయి, ఫోన్ మాట ఉండదు.

కొడుకు ఎక్కడున్నాడో, యూనిట్ ఎటు కదిలిందో వాట్సాప్ గ్రూపుల్లో దుఆ కోసమని కూడా పెట్టకూడదు. 2020 జులైలో సైన్యం ఫేస్‌బుక్ సహా 89 యాప్‌లని సిబ్బంది ఫోన్లలోంచి తీసేయమంది. ఆ సమాచారం మన దగ్గర అమానత్. పేరు చెప్పకుండా దుఆ అడిగినా అల్లాహ్‌కి తెలుసు.

కాగితాలు కూడా బాధ్యతే

- పెళ్ళి, బిడ్డ పుట్టుక వెంటనే యూనిట్‌కి తెలిపి పార్ట్ టూ ఆర్డర్‌లో ఎక్కించాలి. నికాహ్‌నామాలో పేర్లు, ఆధార్‌లో పేర్లు ఒకేలా ఉండాలి. స్పెల్లింగ్ తేడా వల్ల పింఛను ఆగే అవకాశం ఉంటుంది.
- పెళ్ళయ్యాక నామినీ మార్చారో లేదో చూడాలి. బ్యాంకు డిపాజిట్ లాంటి వాటికి నామినీ అంటే డబ్బు అందుకునేవాడే, హక్కుదారు కాదు. పంపకం ఫరాయిజ్ (వారసత్వ వాటాలు) ప్రకారమే జరగాలి. ఫ్యామిలీ పింఛను మాత్రం సర్కారు నియమాల ప్రకారం వెళ్తుంది.
- అప్పులు, అమానత్‌లు రాసి ఉంచాలి. వసీయత్ ఆస్తిలో మూడో వంతు మించకూడదు, వారసులకి చెయ్యకూడదు.
- భూమి కేసులో ఫౌజీ కోర్టుకి రాలేకపోతే 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం కింద యుద్ధ, ప్రత్యేక పరిస్థితుల్లో ఉన్నవాళ్ళ కేసులు వాయిదా వేయించుకోవచ్చు.
- ఏ ఇబ్బంది ఉన్నా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి.
- అల్లాహ్ అలాంటి రోజు రానివ్వకూడదు గానీ, వితంతువైన స్త్రీ ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. పింఛను కాగితాల వంటి అవసరానికి పగలు బయటికి వెళ్లి రాత్రికి ఇంటికి చేరుకోవచ్చు. ఇద్దత్ పేరుతో ఆమె హక్కుని ఆపకండి.

ముందు నడిచినవాళ్ళు

బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్‌ విభజన వేళ పాకిస్తాన్ సైన్యంలోకి వెళ్లకుండా ఇక్కడే ఉన్నారు. 1948లో నౌషేరాని కాపాడి, ఝంగర్‌ని తిరిగి గెలిచి, జులై 3న అక్కడే ప్రాణాలిచ్చారు. ఢిల్లీలో జామియా మిల్లియా దగ్గర ఆయన ఖబర్ ఉంది. గాజీపూర్ జిల్లా ధామూపూర్‌కి చెందిన అబ్దుల్ హమీద్ 1965 సెప్టెంబర్‌లో ఖేమ్‌కరణ్ ప్రాంతంలో ట్యాంకులని ధ్వంసం చేస్తూ అమరుడై పరమవీర చక్ర పొందారు. ఆయన భార్య రసూలన్ బీబీ 2019లో చనిపోయేదాకా ఆయన జ్ఞాపకాన్ని నిలబెట్టారు. 1999 జూన్‌లో తుర్తుక్ కొండల్లో కెప్టెన్ హనీఫుద్దీన్ పోయాక ఆయన దేహం నలభై రోజులకు పైగా మంచులోనే ఉండిపోయింది. దాన్ని తేవడానికి ఇంకో తల్లి బిడ్డ ప్రాణం పణంగా పెట్టొద్దని ఆయన తల్లి హేమా అజీజ్ సైన్యాధిపతికి చెప్పారు. ఆయనకి వీర చక్ర వచ్చింది. పతకం కొడుకుదే గానీ, ఆ నలభై రోజుల సబర్ తల్లిది.

బస్తీ వాళ్ళ బాధ్యత

యోధుడు లేనప్పుడు అతని ఇంటిని బాగా చూసుకున్నవాడికి కూడా యోధుడి పుణ్యం ఉందని ప్రవక్త (స) చెప్పారు. హిజ్రీ 8లో మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) షహీద్ అయ్యారన్న కబురు వచ్చినప్పుడు, ఆ ఇంటివాళ్ళు దుఃఖంలో ఉన్నారు, వాళ్ళకి వంట చేసి పంపండి అన్నారు. మన బస్తీలో ఫౌజీ ఇల్లుంటే గ్యాస్ సిలిండర్ తెచ్చిపెట్టడం, ముసలి అబ్బాని ఆస్పత్రికి తీసుకెళ్లడం, పిల్లల ఫీజు కట్టి రావడం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కోడలు ఒంటరిగా ఉందని ఆమె రాకపోకల మీద మాటలు పుట్టించడం మాత్రం ఘోరమైన గునాహ్.

ఇక్కడ చెప్పినవి సాధారణ మసాయిల్. తన పోస్టు పరిస్థితి వేరుగా ఉందనిపిస్తే ఫౌజీ తన యూనిట్ మౌల్వీ సాబ్‌నో, ఊళ్ళో నమ్మకమైన ఆలిమ్‌నో అడగాలి. ఈ వివరాలు చదివి, ఈసారి ఫోన్ వచ్చినప్పుడు "నమాజు చేస్తున్నావా బేటా?" అని మాత్రమే అడగకుండా, "బూట్ల మీద మసహ్ చెయ్యొచ్చంట, రెండు రకాతులే చాలంట" అని కూడా చెప్పండి. అల్లాహ్ దూరంగా ఉన్నవాళ్ళని, వాళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళని తన కాపుదలలో ఉంచుగాక. ఆమీన్.